ఆరు కోచ్‌లతో నడిపితే అది కాలిఫోర్నియా జెఫైర్ అవుతుందా?

గోదావరి_లైన్
నా గది పది బై పన్నెండు అడుగులు. అందులో కాలిఫోర్నియా జెఫైర్ మోడల్ రైలు నడపాలని ఎన్నాళ్ల కోరికో. తెలియనివాళ్ల కోసం: చికాగో నుంచి కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ దాకా 1949 మార్చి నుంచి 1970 మార్చి దాకా బర్లింగ్టన్, రియో గ్రాండే, వెస్టర్న్ పసిఫిక్ రైల్వే కంపెనీలు కలిసి నడిపిన బండి. బడ్ కంపెనీ తయారుచేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ కోచ్‌లు సాధారణంగా పదకొండు ఉండేవి. ఒక్కోటి 85 అడుగుల పొడవు. హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలు బండిలో 87వ వంతు సైజు మోడల్లో (1:87), కోచ్ దాదాపు 30 సెంటీమీటర్లు వస్తుంది. మూడు ఇంజిన్లు కూడా కలిపితే బండి 3.8 మీటర్లు, నా గది పొడవు కంటే ఎక్కువ.

రెండు దారులున్నాయి: అసలు పొడవున్న కోచ్‌లు ఆరు, లేదా 72 అడుగులకు కుదించిన కోచ్‌లు ఏడో ఎనిమిదో. కోచ్‌లు తగ్గినా సరే, కోచ్ పొడవు తగ్గకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

ట్రాక్‌మ్యాన్
ఆ గదిలో 18 అంగుళాల రేడియస్ మలుపులే వేస్తారేమో. అంత ఇరుకు మలుపులో పూర్తి కోచ్ నడుము లోపలికీ చివరలు బయటికీ పొడుచుకొస్తాయి. పక్క లైన్లో ఇంకో బండి ఉంటే తగులుతుంది. ఆథర్న్ అనే మోడల్ కంపెనీ 72 అడుగుల కోచ్‌లు దశాబ్దాల పాటు అమ్ముడైంది ఇలాంటి గదులున్నవాళ్ల వల్లే. బండి కదులుతున్నప్పుడు పొడవు ఎవరు కొలుస్తారండీ? మలుపులో ఒద్దికగా తిరిగితేనే కంటికి బాగుంటుంది.

వెండి_డోమ్
ట్రాక్‌మ్యాన్ గారూ, దీనికి నేను ఒప్పుకోను. ఈ బండి ప్రాణమంతా డోముల్లోనే, అంటే కోచ్ పైకప్పు మీద కూర్చుని చుట్టూ చూసే అద్దాల గదుల్లోనే ఉంది. 1944లో జనరల్ మోటార్స్ అధికారి సైరస్ ఆస్బర్న్ కొలరాడోలోని గ్లెన్‌వుడ్ కనుమలో డీజిల్ ఇంజిన్ క్యాబ్‌లో కూర్చుని వెళ్తూ, ఈ దృశ్యం ప్రయాణికులకూ కనిపించాలి కదా అనుకున్నారు. మరుసటి ఏడాది బర్లింగ్టన్ తన పాత కోచ్ ఒకదానికి అద్దాల డోము పెట్టి 'సిల్వర్ డోమ్' అని పేరు పెట్టింది. నాలుగేళ్లకు జెఫైర్‌లో ఒక్కో బండికి ఐదు డోములు వచ్చాయి. పొడవాటి వెండి ఒంటి మీద చిన్న డోము కూర్చున్న తీరే ఆ అందం. ఒంటిని 13 అడుగులు కోసేస్తే కిటికీలు పోతాయి, డోము పెద్దదై కోచ్ మరుగుజ్జులా కనిపిస్తుంది. ఎంత దూరం నుంచి చూసినా అది తెలిసిపోతుంది.

ఫ్రీమాంట్_తెలుగు
ఎన్ స్కేల్ గురించి ఎవరూ మాట్లాడరేం? 1:160లో కోచ్ 16 సెంటీమీటర్లే. పదకొండు కోచ్‌లూ మూడు ఇంజిన్లూ కలిపి 2.1 మీటర్లు. మోడళ్లు చేసే కాటో కంపెనీ వాళ్ల సెట్‌లో పదకొండు కోచ్‌లూ వస్తాయి. 15 అంగుళాల మలుపులో హాయిగా తిరుగుతుంది. కోచ్ పొడవూ తగ్గదు, సంఖ్యా తగ్గదు.

ఇంకో మాట. ఈ బండికి డెన్వర్‌లోనూ సాల్ట్ లేక్ సిటీలోనూ ఇంజిన్లు మారేవి. అవే కోచ్‌లకు ముందు బర్లింగ్టన్ వెండి ఇంజిన్, తర్వాత రియో గ్రాండే పసుపు, చివర్లో వెస్టర్న్ పసిఫిక్ నారింజ. కాలిఫోర్నియాలోని పోర్టోలా రైల్వే మ్యూజియంలో 805-ఏ నంబరు వెస్టర్న్ పసిఫిక్ ఇంజిన్ ఉంది, ఈ బండిని లాగినదే. ఇటువైపు ఉన్నవాళ్లు తప్పక చూడండి. ఆ రంగు ఫోటోల్లో సరిగ్గా రాదు.

గోదావరి_లైన్
ఎన్ మంచిదే అన్నా, కాదనను. కానీ డోములో కూర్చున్న మనుషులు నాకు కనిపించాలి, హెచ్‌ఓ వదులుకోలేను. ఆరే పెడితే ఏవి ఉంచాలి? లగేజీ కోచ్, రెండు డోమ్ కోచ్‌లు, డోమ్ లాంజ్, డైనింగ్ కార్, చివర అబ్జర్వేషన్ (వెనక్కి చూస్తూ కూర్చునే ఆఖరి కోచ్) అనుకుంటున్నా.

వెండి_డోమ్
అబ్జర్వేషన్‌లో కొన్ని బెడ్‌రూమ్‌లున్నా, విడిగా స్లీపర్ ఒక్కటీ లేదే! రెండు రాత్రుల ప్రయాణం అది. రాకీ పర్వతాలూ ఫెదర్ నది కనుమా పగటిపూట దాటేలా టైమ్‌టేబుల్ వేశారు. నెబ్రాస్కా మైదానాలూ నెవాడా ఎడారీ చాలావరకు రాత్రిళ్లలో వెళ్లిపోయేవి. స్లీపర్లు తీసేస్తే ఆ ప్లాన్‌కు అర్థమే ఉండదు. ఒక డోమ్ కోచ్ తీసి స్లీపర్ పెట్టండి.

ట్రాక్‌మ్యాన్
చూశారా, లెక్కలో ఎక్కడో ఒకచోట రాజీ పడుతున్నారు. పొడవులో పడితే తప్పు, సంఖ్యలో పడితే ఒప్పు ఎలా అవుతుంది?

వెండి_డోమ్
కుదించిన కోచ్ ఎక్కడా లేనిది. ఆరు కోచ్‌ల బండిలో ప్రతి కోచ్ నిజమైనదే. రేపు పెద్ద గది దొరికితే మిగతా ఐదూ కొనుక్కోవచ్చు. పొట్టి కోచ్‌ను మాత్రం సాగదీయలేం.

మోఫట్_టన్నెల్
చిన్న బండే కావాలంటే నిజంగా చిన్నగా నడిచిన బండిని ఎంచుకోండి. 1971లో అమెరికాలో ప్యాసింజర్ బళ్లు ప్రభుత్వం పెట్టిన ఆమ్‌ట్రాక్ సంస్థ చేతికి వెళ్లినప్పుడు రియో గ్రాండే కంపెనీ అందులో చేరలేదు. తన వాటా జెఫైర్ కోచ్‌లతోనే డెన్వర్ నుంచి పడమటికి రియో గ్రాండే జెఫైర్ పేరుతో 1983 ఏప్రిల్ దాకా నడిపింది. అవే డోములు, అదే కొండదారి. ముందు 5771 నంబరు ఎఫ్9 ఇంజిన్, ఇప్పుడు కొలరాడోలోని గోల్డెన్ ఊరి రైల్వే మ్యూజియంలో ఉంది. కిటికీల పైన పట్టీ మీది పేరు మార్చితే చాలు, కోచ్‌లు తక్కువయ్యాయని ఎవరూ వేలెత్తి చూపలేరు.

గోదావరి_లైన్
మంచి దారి చెప్పారు, కానీ నాకు 1949 బండే కావాలి. మూడు కంపెనీలు కలిసి నడిపిన బండి కాబట్టే దీనిమీద మనసు పడ్డాను. పేరు చెరపను. పూర్తి పొడవు కోచ్‌లు ఆరు కొంటున్నా, రెండో డోమ్ కోచ్ బదులు స్లీపర్. మలుపులు 24 అంగుళాలకు పెంచుతా, గుమ్మం దగ్గర బల్ల తీసి పెట్టుకునేలా చేస్తే సరిపోతుంది. ట్రాక్‌మ్యాన్ గారూ, ఆ రేడియస్‌కి రెండు లైన్ల మధ్య ఎంత దూరం వదలాలో మీరే చెప్పాలి.