టూల్ స్టీలు మడత చాకు: డీ2 చాలా, ఎం4కి వెళ్ళాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. జేబులో పెట్టుకు తిరగడానికి మడత చాకు ఒకటి కొనాలి. నా పని గోదాములో. పొద్దుటి నుంచీ అట్టపెట్టెలు కోయడం, ప్లాస్టిక్ పట్టీలు తెంచడం, అప్పుడప్పుడూ తాడు. ఇప్పుడున్న స్టెయిన్‌లెస్ చాకు మధ్యాహ్నానికే మొద్దుబారిపోతోంది. ఇక ఆ తర్వాత అట్టని కోయదు, చింపుతుంది. టూల్ స్టీలైతే, అంటే పనిముట్లు, అచ్చులు చేసే గట్టి ఉక్కైతే, పదును చాలాకాలం నిలుస్తుందని విన్నాను. తీరా వెతికితే డీ2, ఎం4, క్రూవేర్, కె390, మాక్సమెట్... పేర్లు చదివేసరికే నీరసం వచ్చింది. వీటిలో బెస్ట్ ఏది? రెండు సంగతులు ముందే చెప్తున్నా: నాకు చెమట ఎక్కువ, నా దగ్గరున్నది మామూలు సానరాయి ఒక్కటే.

సానరాయి

మీరు చివర్లో చెప్పిన ఆ రెండు సంగతులే ముఖ్యమండీ. వాటితోనే సగం పేర్లు ఎగిరిపోతాయి.

అట్ట చూడ్డానికి మెత్తన గానీ చాకుని అదే ఎక్కువ తినేస్తుంది. అందులో కలిసున్న ఖనిజాల పొడి, దుమ్ము అంచుని అరగదీస్తూనే ఉంటాయి. తట్టుకోవాలంటే ఉక్కులో గట్టి కార్బైడ్ రేణువులుండాలి, అంటే కార్బన్ ఏదో ఒక లోహంతో కలిసి ఏర్పడే గింజలు. వాటిలో క్రోమియం కార్బైడ్ కంటే వెనేడియం కార్బైడ్ చాలా గట్టిది. ఎం4లో వెనేడియం 4 శాతం, దానికి తోడు టంగ్‌స్టన్ 5.5 శాతం. కె390లో వెనేడియమే 9 శాతం. లోహాన్ని చెక్కే కట్టర్లకీ, ప్రెస్సుల్లో వాడే అచ్చులకీ పుట్టిన ఉక్కులివి. అట్ట వీటికి ఒక లెక్క కాదు.

చిక్కు ఎక్కడంటే, అదే వెనేడియం కార్బైడ్ మీ సానరాయి కంటే కూడా గట్టిది. మామూలు రాళ్ళలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ దాన్ని కోయలేదు, చుట్టూ ఉన్న మెత్తటి ఉక్కుని మాత్రం తోడేస్తుంది. గంటసేపు రుద్దినా పదును వచ్చినట్టే ఉంటుంది, రాదు. కాబట్టి ఎం4, కె390 కొంటే డైమండ్ ప్లేటు కూడా కొనాల్సిందే. 400 గ్రిట్ ఒకటి, 1000 దగ్గర్లో ఒకటి ఉంటే సరిపోతుంది (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది).

పాతపిడి

అంత దూరం ఎందుకండీ, డీ2 చాలదూ? 1.5 శాతం కార్బన్, 12 శాతం క్రోమియం. కార్ఖానాల్లో ఎన్నో దశాబ్దాలుగా రేకులు కత్తిరించే అచ్చులు దీంతోనే చేస్తున్నారు. కార్బైడ్లు ఎక్కువగా క్రోమియంవే కాబట్టి ఆయన దగ్గరున్న రాయితోనే సాన పట్టుకోవచ్చు. తుప్పు కూడా పెద్దగా పట్టదు, దాదాపు స్టెయిన్‌లెస్సే.

సానరాయి

రాయి సంగతి ఒప్పుకుంటాను. ‘దాదాపు స్టెయిన్‌లెస్’ మాట మాత్రం చెమట పట్టే మనిషికి చెప్పకండి. డీ2లో క్రోమియం 12 శాతం ఉన్నమాట నిజమే, కానీ అందులో పెద్ద భాగం కార్బైడ్లలో చిక్కుకుపోతుంది. తుప్పుని ఆపేది ఉక్కులో కరిగి ఉన్న క్రోమియం ఒక్కటే. 2021లో వచ్చిన మాగ్నాకట్ చూడండి. లారిన్ థామస్ రూపొందించిన ఉక్కు అది. క్రోమియం 10.7 శాతమే, అంటే డీ2 కంటే తక్కువ. అయినా తుప్పుకి డీ2 కంటే ఎంతో బాగా తట్టుకుంటుంది. క్రోమియం కార్బైడ్లు ఏర్పడకుండా లెక్క కట్టి చేశారు కాబట్టి ఆ క్రోమియమంతా కాపలాకే మిగులుతుంది.

ఇంకోటి, మామూలు డీ2ని కరిగించి దిమ్మలుగా పోస్తారు. అది నెమ్మదిగా చల్లారేటప్పుడు కార్బైడ్లు పెద్ద పెద్ద ముద్దలు కడతాయి. సన్నటి అంచు మీద అలాంటి ముద్ద ఊడితే అక్కడో గాటు పడుతుంది. పేరు ముందు సీపీఎం అని ఉంటే అది పొడి పద్ధతిలో చేసిన ఉక్కు: కరిగిన ఉక్కుని వాయువుతో చిమ్మి, సన్నటి పొడిగా గడ్డకట్టించి, ఆ పొడిని వేడిలో ఒత్తిడి పెట్టి ముద్ద చేస్తారు. కార్బైడ్లు చిన్నవిగా, సమంగా పరుచుకుంటాయి. ఎం4 కొన్నా క్రూవేర్ కొన్నా ఈ రకమే చూసుకోండి.

వాదర

ఇందాకటి నుంచీ అందరూ స్టీలు పేరు చుట్టూనే తిరుగుతున్నారు. నన్నడిగితే పేరు మూడో స్థానం. ముందు అంచు వెనక మందం చూడాలి, ఆ తర్వాత ఉక్కుకి వేడిమి పట్టిన తీరు (హీట్ ట్రీట్‌మెంట్).

అంచుకి సరిగ్గా వెనక అలుగు మందం 0.4 మిల్లీమీటర్ల దగ్గరుంటే అట్టలోకి చులాగ్గా దిగుతుంది. 0.8 ఉంటే ఎంత గొప్ప ఉక్కైనా అట్టలో ఇరుక్కుంటుంది, మీరు బలం పెడతారు, బలం పెట్టినప్పుడే చెయ్యి జారుతుంది. కొనే ముందు అమ్మేవాళ్ళని ఈ కొలత అడగండి. చెప్పలేకపోతే ఫొటోలో అలుగుని కొన వైపు నుంచి చూడండి, లావుగా గొడ్డలిలా ఉంటే వదిలేయండి.

ఇక వేడిమి. ఎం4ని సాధారణంగా 62 నుంచి 64 రాక్‌వెల్ (గట్టిదనం కొలత) దాకా గట్టిపరుస్తారు. అదే ఎం4ని 59 దగ్గర ఆపేస్తే మీరు దండగ ఖర్చు పెట్టినట్టే. పెట్టె మీద ఉక్కు పేరు పెద్దక్షరాల్లో వేసి, రాక్‌వెల్ అంకె ఎక్కడా చెప్పని చాకంటే నాకు నమ్మకం లేదు.

మాక్సమెట్ గురించి ఎవరూ చెప్పలేదు. టంగ్‌స్టన్ 13 శాతం, కోబాల్ట్ 10 శాతం. చాకుల్లో అది 67 రాక్‌వెల్ దాటినా ఆశ్చర్యం లేదు. పదును అలా నిలుస్తూనే ఉంటుంది. కానీ అట్టపెట్టెల్లో స్టేపుల్ పిన్నులుంటాయి కదా? ఒక్క పిన్ను తగిలితే మెత్తటి ఉక్కు వంగుతుంది, ఇది చిట్లుతుంది. గోదాముకి నేనైతే ఇవ్వను.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండీ, ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. మా పెట్టెల్లో పిన్నులు బోలెడు. ఇంకో సందేహం: ఎం4కి నల్లటి కోటింగు వేసినవి ఉన్నాయి. దాంతో తుప్పు సమస్య తీరుతుందా? తెరిచిన అలుగు మూసుకుపోకుండా పట్టే లాకుల్లో ఏది మంచిది?

వాదర

కోటింగు అలుగు పక్కలని కాపాడుతుంది. సాన పట్టిన అంచు మీద అది ఉండదు, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. కంటికి కనపడని తుప్పు కూడా అంచుని తినేస్తుంది, మీరేమో పదును పోయిందనుకుంటారు. ఎం4లో క్రోమియం సుమారు 4 శాతమే. చెమట తడిసిన జేబులో రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి మచ్చలు ఖాయం. రోజూ తుడిచి, సన్నగా మినరల్ ఆయిల్ రాసే అలవాటుంటే పర్వాలేదు.

లాకు విషయంలో ఒక్కటే అడుగుతాను: చాకు మూసేటప్పుడు మీ వేలు అలుగు దారిలోకి వస్తుందా? లైనర్ లాకు, ఫ్రేమ్ లాకుల్లో బొటనవేలు వస్తుంది, అలవాటైతే ఇబ్బంది లేదు. బెంచ్‌మేడ్ వాళ్ళ యాక్సిస్ లాకు, స్పైడర్కో వాళ్ళ కంప్రెషన్ లాకుల్లో రాదు. చేతులకి గ్లవ్స్ వేసుకునే పనైతే నా ఓటు వాటికే. ఏ లాకైనా చాకుతో పెట్టె మూత పెకలించకండి. లాకు తట్టుకున్నా కొన తట్టుకోదు.

సానరాయి

నా మాట: సీపీఎం క్రూవేర్. వెనేడియం 2.4 శాతం దగ్గర, అంటే సాన పట్టడం ఎం4 కంటే తేలిక. పిన్ను తగిలినా అంత సులువుగా చిట్లదు. క్రోమియం 7.5 శాతం కాబట్టి తుప్పులో ఎం4 కంటే నయం, స్టెయిన్‌లెస్ మాత్రం కాదు. తుడిచే ఓపిక అసలు లేదంటారా, మాగ్నాకట్. అది టూల్ స్టీలు కాదని పాతపిడి గారు దెబ్బలాడతారు, ఆడనివ్వండి.

పాతపిడి

దెబ్బలాట దేనికండీ, డబ్బులు ఆయనవి. కాకపోతే ఆ అలుగు పొడవు, లాకు ఉన్న చాకు మీ ఊళ్ళో జేబులో పెట్టుకోవచ్చో లేదో నిబంధన చూసుకోమనండి, చోటుకొకటి ఉంటుంది. విమానం క్యాబిన్ సంచీలో ఎలాగూ కుదరదు.

ప్రశ్న అడిగినవారు

క్రూవేర్‌కే ఫిక్సయ్యాను, 400 డైమండ్ ప్లేటుతో కలిపి. 1000ది తర్వాత చూస్తాను. సాన ఎంత కోణంలో పట్టాలి?

సానరాయి

ఒక్కో వైపు 17 డిగ్రీలతో మొదలుపెట్టండి. పిన్నులకి అంచు దెబ్బతింటుంటే 20కి పెంచండి. మొదటిసారి సాన పట్టాక పదును ముందుకంటే ఎక్కువ నిలిస్తే కంగారుపడకండి. ఫ్యాక్టరీలో బెల్టు మీద పదును పెట్టేటప్పుడు కొన్నిసార్లు అంచు వేడెక్కి కాస్త మెత్తబడుతుంది, ఆ పొర పోతే అసలు ఉక్కు బయటపడుతుంది. డైమండ్ ప్లేటు మీద గట్టిగా నొక్కకండి, చాకు బరువుకి ఇంకాస్త కలిపితే చాలు. నొక్కితే డైమండ్ గింజలు ఊడిపోతాయి.