రెండు సర్వర్లు పంచుకునే క్లౌడ్ డిస్కులో రాత్రి బ్యాకప్ వేళ విపరీత జాప్యం

ఒక టెరాబైటు క్లౌడ్ డిస్కును రెండు లినక్స్ వర్చువల్ మెషీన్లకు జోడించి, జీఎఫ్‌ఎస్2 అనే, ఒకే డిస్కును పలు మెషీన్లు ఒకేసారి వాడుకోగల ఫైల్ సిస్టమ్ వాడుతున్నాం. డిస్కు పరిమితి 5,000 ఐఓపీఎస్ (సెకనుకు చేయగల చదువు, రాత పనుల సంఖ్య). రాత్రి 1 గంటకు రెండో మెషీన్‌లో బ్యాకప్ మొదలవగానే, మొదటి దానిలో ఒక్కో రాతకు పట్టే సమయం 3 నుంచి 120 మిల్లీసెకన్లకు ఎగబాకుతోంది. విచిత్రమేమిటంటే, అప్పుడు రెండింటి ఐఓపీఎస్ కలిపినా 1,800 దాటడం లేదు!

పరిమితిని 7,500కు పెంచాను, ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయాన్ని నమోదు చేయకుండా ఆపే నోఎటైమ్‌తో మౌంట్ చేశాను, క్లౌడ్ హోస్టు డిస్కు డేటాను తాత్కాలికంగా దాచుకునే హోస్ట్ క్యాషింగ్ ఆపేశాను. ఫలితం శూన్యం. బ్యాకప్‌ను 3 గంటలకు మార్చితే సమస్యా అక్కడికే వచ్చింది. రెండో మెషీన్‌ను వేరుచేసి డిస్కు వేగం కొలిచే ఎఫ్ఐఓతో పరీక్షిస్తే మాత్రం పూర్తి వేగం అందుతోంది. కాబట్టి నా అనుమానమంతా, బ్యాకప్ చదువుతున్న ఫైళ్ల లాకులు (ఒకే ఫైలు విషయంలో రెండు మెషీన్లు ఢీకొనకుండా ఆపే తాళాలు) రెండు మెషీన్ల మధ్య చేతులు మారడం మీదే.

ఈ జాప్యానికి కారణం ఆ లాకులేనని, డిస్కు కాదని రుజువు చేయాలంటే జీఎఫ్‌ఎస్2లో ఏ కొలతను చూడాలి?