సమస్యాపూరణం: “ఆఱు కన్న నేడె యల్పమయ్యె”

నిర్వాహకులు: ఈ వారం పురాణాల జోలికి పోవద్దని మనవి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతిని చంకన ఇరికించుకొని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల రికార్డే మన వస్తువు. మేడిసన్ నగరంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తరఫున 1996 నుంచి 1999 వరకు ఆడిన రాన్ డేన్ మొత్తం 7,125 గజాలు పరుగెత్తినా, అధికారిక పట్టికలో ఆయన పేరిట 6,397 మాత్రమే కనిపిస్తాయి. శాన్‌డియాగో స్టేట్ ఆటగాడు డానెల్ పంఫ్రీ 2016లో 6,405తో ఆయనను దాటినట్టు అదే పట్టిక చెబుతుంది. లెక్క చూడగానే ఈ పాదం నోటికి వచ్చింది కనుక మీ ముందుంచుతున్నాను.

మేడిసన్ వాసి:

లెక్కలోన బౌలు లేవని త్రోయంగ
నేడు వేల నూట యిరువదైదు
వెనుక వచ్చినట్టి విధి లెక్క మార్చఁగా
నాఱు కన్న నేడె యల్పమయ్యె!

సీజన్ ముగిశాక జరిగే బౌల్ పోటీల గజాలను ఆ రోజుల్లో కాలేజీ ఆటల జాతీయ సంఘం (ఎన్‌సీఏఏ) వ్యక్తిగత లెక్కల్లో చేర్చేది కాదు. 2002 నుంచి చేర్చడం మొదలుపెట్టిన వారు పాత ఆటగాళ్ల లెక్కలను మాత్రం తిరగరాయలేదు. రికీ విలియమ్స్ నెలకొల్పిన 6,279 గజాల రికార్డును 1999 నవంబరు 13న క్యాంప్ రాండల్ స్టేడియంలో అయోవా మీద ఆడుతూ దాటి, ఆ సంవత్సరమే కాలేజీ ఆటగాళ్లలో మేటికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకొన్న మనిషికి ఇంతకంటే అన్యాయం ఏముంటుందో సముద్రతీరం గారే సెలవివ్వాలి.

నిర్వాహకులు: రెండవ పాదంలో సంఖ్య సంఖ్యగానే అయిదు గణాల్లో ఒదిగి, యతి కూడా తనంతట తానే కుదరడం చూసి ముచ్చట వేసింది. “విధి” అన్న మాట నిబంధనకూ తలరాతకూ ఒకేసారి చెల్లింది.

సముద్రతీరం: మేడిసన్ వాసి గారు నన్ను పేరు పెట్టి పిలిచారు కనుక శాన్‌డియాగో పక్షాన నా పూరణ ఇది.

బౌలు నాల్గు కలిపి పంఫ్రీకి దక్కఁగా
నాఱు వేల నాల్గు వంద లైదు
పట్టికందు లేని పరుగులు తొలఁగఁగా
నాఱు కన్న నేడె యల్పమయ్యె!

పంఫ్రీ ఏ నిబంధననూ తాను రాయలేదు. తన సొంత ఊరు లాస్ వేగాస్‌లో, 2016 డిసెంబరు 17న జరిగిన బౌల్ పోటీలో హ్యూస్టన్ మీద 108 గజాలు కావలసి ఉండగా 115 తీసి, రికార్డునూ గెలుపునూ కలిపి పట్టుకుపోయాడు. 180 పౌన్లకు మించని ఆ కుర్రవాడు ఆ ఒక్క సీజన్‌లోనే 2,133 గజాలు పరుగెత్తాడని కూడా డేన్ అభిమానులు గుర్తుంచుకోవాలి.

మేడిసన్ వాసి: ఆటగాడు గీత దాటాడేమో కాని కవిగారు దాటలేదు. “ఆఱు”కు “వంద” ఏ శాస్త్రం ప్రకారం మైత్రి? “నాల్గు” మూడవ గణంలోనే దిగబడిపోయింది. యతిస్థానం ఇంకొక గణం దూరంలో ఉంది. మా డేన్ సంఖ్య ఛందస్సులో ఇమిడింది, మీ పంఫ్రీ సంఖ్య పట్టికలో మాత్రమే ఇమిడింది. ఇది వీరికి కొత్త కాదు. క్రిందటి సమస్యలో రికీ విలియమ్స్ 1998లో టెక్సస్ ఎ అండ్ ఎమ్ మీద 60 గజాల పరుగుతో టోనీ డోర్సెట్ రికార్డును దాటిన ఘట్టాన్ని ఎత్తుకొని, యతి కోసం “అఱువ దడుగులు” అని రాసి, పాపం ఆ పరుగును మూడో వంతుకు కుదించారు.

సముద్రతీరం: ఆ పూరణను ఆనాడు మెచ్చుకొన్నవారిలో తమరు కూడా ఉన్నారని సభ్యులకు జ్ఞాపకం చేస్తున్నాను. యతిదోషం మాత్రం ఒప్పుకోక తప్పదు.

పాతకాపు: ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఆ సంఖ్యను బేసి పాదానికి తెచ్చి “ఆఱు వేల మీఁద నైదు నన్నూఱులు” (నన్నూఱు అంటే నాలుగు వందలు) అంటే గణాలూ యతీ రెండూ సరిపోతాయి. కాకపోతే ఎవరైనా గిట్టనివారు “ఐదు నన్నూఱులంటే రెండు వేలు కదా” అని మొత్తం ఎనిమిది వేలు చేసి చూపించవచ్చు. అప్పుడు డేన్ నిజంగానే ఓడిపోతాడు, సమస్యలో చమత్కారమూ పోతుంది.

పద్యప్రియ:

గజము వంటివాఁడు గజములు లెక్కింప
నేడు వేలు దాటె నెంచి చూడఁ
బిట్ట కొంచె మయ్యుఁ బేరు కొట్టుకపోవ
నాఱు కన్న నేడె యల్పమయ్యె!

డేన్ బరువు 250 పౌన్ల పైమాటే కదా అన్న ఊహతో మొదటి పాదం వచ్చింది.

పాతకాపు: అమ్మా, మొదటి పాదానికి నమస్కారం. “కొట్టుకపోవ” మాత్రం వీధిలో వినిపించే మాట. గ్రాంథిక పద్యంలో అరసున్నల నడుమ కూర్చుంటే ఎబ్బెట్టుగా ఉంది. పైగా మీ పద్యంలో ఏనుగు ఎందుకు ఓడిందో కారణం లేదు. పిట్ట చిన్నదైనంత మాత్రాన ఏడు ఆఱు కంటే తగ్గిపోదు కదా!

గణితం మాస్టారు: ఇంతసేపూ బౌల్ పోటీలు అంటున్నారే కాని వాటిని విడివిడిగా ఎవరూ చూడలేదు. డేన్ ఆడినవి నాలుగు. కాపర్ బౌల్‌లో యూటా మీద 246, అవుట్‌బ్యాక్ బౌల్‌లో జార్జియా మీద 36, రోజ్ బౌల్‌లో ఒక ఏడు యూసీఎల్‌ఏ మీద 246, మరుసటి ఏడు స్టాన్‌ఫర్డ్ మీద 200. వెరసి 728. ఇప్పుడు పట్టికలో ఇద్దరి మధ్య తేడా చూడండి, ఎనిమిదంటే ఎనిమిది గజాలు. జార్జియా 33-6తో విస్కాన్సిన్‌ను చిత్తు చేసిన రోజున, డేన్ ఎటూ కదలలేకపోయిన ఆ పోటీ ఒక్కటి కలిపినా 6,433 అవుతుంది. అటువైపు పంఫ్రీ చివరి బౌల్ ఒక్కటి తీసివేస్తే 6,290కి దిగుతాడు.

ఓడినట్టి యాట నొక్కటే కలిపిన
ముప్పదాఱు చాలు ముందు నిలువ
నదియుఁ గూడదన్న యంకెల కొలువులో
నాఱు కన్న నేడె యల్పమయ్యె!

నిర్వాహకులు: “కూడదు” అన్న మాటలో నిషేధమూ ఉంది, కూడికకు నోచుకోకపోవడమూ ఉంది. గెలిచిన రోజ్ బౌళ్లను పక్కన పెట్టి, ఓడిన రోజు 36 గజాలను సాక్ష్యానికి పిలవడం ఈ వారపు పూరణలన్నిటిలోకి నాకు నచ్చిన ఎత్తు.

మేడిసన్ వాసి: మా పక్షం వాదాన్ని మాకంటే బాగా వినిపించిన మాస్టారికి ధన్యవాదాలు. ఆ జార్జియా ఆటను మేము తలచుకోవడమే మానేశాం.

సముద్రతీరం: మాస్టారి లెక్కకు ఎదురులేదు. కాని బౌల్ గజాలు కలపాలంటే డేన్‌కు ఒక్కడికే కలిపితే సరిపోదు. 1976 నుంచి 6,082 దగ్గరే నిలిపివేసిన డోర్సెట్‌కూ, ఆయనను దాటిన విలియమ్స్‌కూ కూడా కలపాలి.

గణితం మాస్టారు: తప్పకుండా కలపండి. ఎవరికి ఎన్ని కలిపినా 7,125 పైనే ఉంటుంది.

నిర్వాహకులు: సముద్రతీరం గారు రెండవ పాదాన్ని సవరించి మళ్లీ పెడితే చర్చను ముగించి తరువాతి సమస్య ఇస్తాను. నన్నూఱులు ఎన్నో స్పష్టంగా తెలిసేలా రాయవలసిందిగా కోరుతున్నాను.