పదో తరగతి అయ్యాక అమ్మాయిని విజయవాడ హాస్టల్‌కి పంపాలా, బెంగళూరులోనే ఉంచాలా?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
మాది ఒంగోలు. అమ్మాయి ఒకటో తరగతి నుంచి బెంగళూరులోనే చదువుతోంది, ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఇంజనీరింగ్ చేస్తానంటోంది. విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ చేర్పిద్దామని, జేఈఈకి అక్కడ గట్టిగా చదివిస్తారని మావారి పట్టుదల. పిల్ల ఇంతవరకు ఒక్క వారం కూడా మమ్మల్ని వదిలి ఉండలేదు. పంపినవాళ్లు, హాస్టల్లో చదివినవాళ్లు చెప్పండి.

పాత హాస్టలర్:
నిస్సంకోచంగా పంపండి అక్కా. నేను అనంతపురం జిల్లా పల్లెటూరి నుంచి వెళ్లి రెండేళ్లు విజయవాడ హాస్టల్లోనే ఉన్నాను. మొదట్లో రోజూ ఏడ్చాను. తర్వాత రూమ్‌లో వాళ్లే అన్నదమ్ములయ్యారు. ఉదయం స్టడీ అవర్, క్లాసులు, వారం వారం పరీక్ష, అంతా ఒక పద్ధతి. మా నాన్న చదువుకోలేదు, ఇంట్లో ఉంటే నాకు లెక్క చెప్పేవాళ్లు లేరు. ఈ రోజు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నానంటే ఆ హాస్టలే కారణం.

కేఆర్ పురం:
పంపితే కేసెట్ (కర్ణాటక ఇంజనీరింగ్ ఎంట్రన్స్) అర్హత పోతుంది. చూసుకోండి.

హొరమావు:
మా పెద్దవాడిని పంపాం, అందుకే రాస్తున్నాను. విజయవాడ కాదు, వేరే ఊరు, కాలేజీ పేరు చెప్పను. నెలకోసారి ఔటింగ్. వారానికోసారి ఫోన్, అదీ వార్డెన్ పక్కన నిలబడి ఉండగా. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నాను’ అనేవాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు కంచం ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా ఐదు నిమిషాల్లో అన్నం తినేసి లేచాడు. రాత్రి మా గది తలుపు దగ్గర నిలబడి, ‘అమ్మా, బాత్రూమ్‌కి వెళ్లిరానా’ అని అడిగాడు. వాడి ఇంట్లో, వాడి బాత్రూమ్‌కి. ఆ పండగ తర్వాత మళ్లీ పంపలేదు. ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో పిల్లల విభాగానికి తీసుకెళ్లాం. మామూలుగా మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది.

పాత హాస్టలర్:
బాధగానే ఉంది మేడమ్. కానీ ఒక కాలేజీని చూసి అన్నీ అలాంటివే అనకండి. నెమ్మదస్తుడైన పిల్లవాడైతే ఎక్కడైనా కష్టపడతాడు.

హొరమావు:
నెమ్మదస్తుడా? అపార్ట్‌మెంట్ మొత్తానికి క్రికెట్ టీమ్ కట్టిన పిల్లవాడు. మీరు వాడిని చూడలేదు కాబట్టి వాడి స్వభావం గురించి మాట్లాడొద్దు.

ఓఆర్ఆర్:
కేసెట్ పోతుందని కేఆర్ పురం గారు రాసింది తప్పు. ఒకటి నుంచి పన్నెండు లోపు కనీసం 7 ఏళ్లు కర్ణాటకలో చదివి, పదో తరగతి గానీ రెండో పీయూసీ (ఇక్కడి ఇంటర్ రెండో ఏడాది) గానీ ఇక్కడే పాసైతే అర్హత ఉంటుంది. ఈ పాపది ఒకటో తరగతి నుంచీ ఇక్కడే.

కేఆర్ పురం:
ఇంజనీరింగ్ ర్యాంకుకి పన్నెండో తరగతి మార్కులు సగం, కేసెట్ మార్కులు సగం. అక్కడ ఇంటర్ చదివి ఇక్కడి పీయూసీ సిలబస్‌తో పరీక్ష ఎలా రాస్తుంది? దానికి జవాబు చెప్పండి.

ఓఆర్ఆర్:
అది వేరే సంగతి. మీరన్నది ‘పోతుంది’ అని. పోదు.

కేఆర్ పురం:
మా తమ్ముడి కొడుక్కి పత్రాల దగ్గర తిప్పలు పడ్డాం కాబట్టే అన్నాను.

మారతహళ్లి పిన్ని:
ఆ తల్లి అడిగింది పిల్ల గురించి. కేసెట్ పక్కన పెట్టండి నాయనా.

హొరమావు:
ఇంకో మాట. వైజాగ్‌లో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులు ఉన్నచోట అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. మార్కుల వారీగా బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలి. హాస్టళ్లలో టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో పెట్టాలి. కాలేజీకి వెళ్లినప్పుడు కౌన్సెలర్ గది ఎక్కడో చూపించమనండి. మావాడి కాలేజీలో ర్యాంకుని బట్టి సెక్షన్, సెక్షన్‌ని బట్టి లెక్చరర్. కింది సెక్షన్‌కి దించిన రోజు వాడు మాకు చెప్పనే లేదు.

పాత హాస్టలర్:
సెక్షన్లు లేకపోతే బాగా చదివేవాడికి అన్యాయం కాదా? నన్ను పై సెక్షన్‌లో వేశారు కాబట్టే నాకు సీటొచ్చింది. నాలాంటివాడికి ఇంకో దారి లేదు. మీ అందరికీ బెంగళూరులో ఫ్లాట్లు, ట్యూషన్లు ఉన్నాయి. హాస్టల్ జైలు అని మీరు తేలిగ్గా అంటారు. నాకది అన్నం పెట్టిన చోటు.

హొరమావు:
జైలు అన్న మాట నేను వాడలేదు. మీకు దారి లేక వెళ్లారు, సరే. ఈ పిల్లకి దారి లేకపోవడమేమిటి? వైట్‌ఫీల్డ్‌లో కోచింగ్ సెంటర్లు లేవా? కన్న పిల్లను రాత్రంతా బస్సు ప్రయాణం ఉన్న ఊళ్లో వదిలేసి రావాల్సిన అవసరం ఏమొచ్చింది?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
వదిలేయడం అనే మాట వెనక్కి తీసుకోండి. మా ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసా? పిల్ల నాలుగింటికి స్కూల్ నుంచి వస్తుంది, తాళం తనే తీసుకుంటుంది. పొద్దున నేను హాట్‌ప్యాక్‌లో పెట్టిన చపాతీలు, నీళ్ల సీసాకి ఫోన్ ఆనించి చూస్తూ తింటుంది. నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర, ఆయన తొమ్మిది దాటాక. అప్పటికి తలుపు వేసుకుని పడుకుంటుంది, పిలిస్తే ‘టెన్షన్ పెట్టకు అమ్మా’ అంటుంది. కనీసం హాస్టల్లో చుట్టూ మనుషులుంటారు కదా అని ఆయన వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు. అడ్వాన్స్ కూడా కట్టేశారు. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

మారతహళ్లి పిన్ని:
చెప్పలేదా?

పాత హాస్టలర్:
అక్కా, నేను పంపమన్నది నిజమే. కానీ నన్ను మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు, వెళ్తాను అన్నాకే పెట్టె సర్దాడు. చెప్పకుండా డబ్బు కట్టడాన్ని నేను సమర్థించను.

హొరమావు:
అయితే ఇది జేఈఈ సమస్యే కాదు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంట్లో పిల్ల దగ్గర ఎవరుంటారన్నది సమస్య. దానికి హాస్టల్ ఒక్కటే మందా? మీ ఇద్దరిలో ఒకరు వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేయలేరా? ఒంగోలు నుంచి అమ్మమ్మ గానీ నానమ్మ గానీ వచ్చి ఉండలేరా? తలుపు వేసుకుంటోందన్నారు, దానికి కారణం ఏమిటో ముందు తెలియాలి. పరీక్షలయ్యేదాకా ఆగకుండా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.

ఓఆర్ఆర్:
పదిహేనేళ్ల వయసులో తలుపు వేసుకోవడం ప్రతి ఇంట్లో ఉండేదే. దానికే ఫోన్ ఎందుకు?

హొరమావు:
మాట్లాడితే పోయేదేముంది? తిండి, నిద్ర, స్నేహితులు మారారా అని వాళ్లే అడుగుతారు. మామూలు విషయమైతే అదే చెప్తారు.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, నాలుగో అంతస్తు. అయినా అడుగుతాను. మా ఆఫీసులో కూడా అడుగుతాను. ఈ చర్చ మొత్తం ఆయనకు చూపించాను. ఆదివారం ముగ్గురం కూర్చుని మాట్లాడతాం.

పాత హాస్టలర్:
అమ్మాయి వెళ్తానంటే ఆపకండి. ఒకటే మాట, మొదటి నెల ప్రతి పిల్లా వచ్చేస్తానంటుంది. కనీసం దసరా దాకా ఉంచండి.

హొరమావు:
దసరా దాకా అన్న గడువు ఎక్కడిది? మావాడు ఆగస్టులోనే వచ్చేస్తానన్నాడు. వార్డెన్ కూడా ఇదే చెప్పాడు, దసరాకల్లా సర్దుకుంటాడని.

పాత హాస్టలర్:
నేను సర్దుకున్నాను మేడమ్. నాకు తెలిసింది నేను చెప్తున్నాను.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
వెళ్లినా, వచ్చేయాలనిపించిన రోజు వచ్చేయొచ్చని ముందే చెప్తాను. గడువు పెట్టను. అడ్వాన్స్ వెనక్కి రాకపోయినా సరే, ఆ మాట ఆయన చేత కూడా పిల్ల ముందే చెప్పిస్తాను.