సైబర్ దాడిని ఆటగా లెక్కకట్టడం చిన్న ఆసుపత్రికి పనికివస్తుందా?

కొర్లగుంట మాస్టారు (తిరుపతి): నలభై కంప్యూటర్లున్న ఆసుపత్రిలో వాటిని చూసుకునే మనిషి ఒక్కడే అనుకుందాం. అతడు రోజూ అదే వేళకు, అదే వరుసలో లాగ్‌లు (కంప్యూటర్‌లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) పరిశీలిస్తే, లోపలికి చొరబడి పొంచి ఉన్నవాడికి ఆ వరుస వారంలో తెలిసిపోతుంది. ఏ కంప్యూటర్ పోతే ఎంత నష్టమో ముందుగా లెక్కవేసి, ఎక్కువ నష్టమున్నదానికి ఎక్కువ అవకాశం ఇస్తూ, ఏ రోజు దేనిని చూడాలో చీటీ తీసి తేల్చుకోమంటుంది గేమ్ థియరీ, అంటే ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తును లెక్కవేసే గణితం. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో 2007 నుండి వాహనాల తనిఖీని, జాగిలాల గస్తీని ఇలాగే నిర్ణయించారు.

గిరింపేట (చిత్తూరు): విమానాశ్రయం మీద కన్నేసినవాడు గస్తీని గమనించి అడుగు వేస్తాడు. వాన్నాక్రై అనే వార్మ్ (తనంతట తానే ఒక కంప్యూటర్ నుండి మరొకదానికి పాకే హానికర ప్రోగ్రామ్) ఎవరిని గమనించింది? మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చినా, వేసుకోనివారి విండోస్ కంప్యూటర్లు దొరికినచోటల్లా అది మే నెలలో దూరింది. వార్మ్‌కు లాభనష్టాలు తెలియవు.

కొర్లగుంట మాస్టారు: దానిని వదిలినవాడికి తెలుసు కదా! పైగా ఎదుటివాడు పొరపాట్లు చేస్తాడని ఒప్పుకొనే నమూనాను మెకెల్వీ, పాల్‌ఫ్రీ అనే పరిశోధకులు 1995లోనే ఇచ్చారు.

భైరాగిపట్టెడ: పాస్‌వర్డ్‌ను మానిటర్‌కే అంటించి పెట్టుకున్నచోట ఏ నమూనా పనిచేస్తుందో కూడా సెలవివ్వండి.

గిరింపేట: నేను పనిచేసినచోట బ్యాకప్ డిస్క్ అడిగితే, "దాడి జరిగే అవకాశం తక్కువ" అని లెక్క చూపించి నిరాకరించారు. తరువాత పదకొండు రోజుల బిల్లులు పోతే, నా జీతంలో కోత పెట్టారు.

కొర్లగుంట మాస్టారు: మీ యజమాని పిసినారితనాన్ని తెచ్చి గేమ్ థియరీకి పేరుపడ్డ గణితవేత్త జాన్ నాష్ నెత్తిన రుద్దకండి. మూడు రోజులుగా వార్మ్ అంటూ మీరు వాదిస్తున్నది దీని కోసమా?

గిరింపేట: దీని కోసమే. నష్టానికి అంకె వేసేది ఎవరు? బిల్లింగ్ కంప్యూటర్‌కు పది, రోగుల రికార్డులకు రెండు అని యజమాని వేస్తే, మీ చీటీ కూడా అలాగే పడుతుంది. గణితం తప్పు కాకపోవచ్చు. దానిలో పోసినది మాత్రం ఆయన మనసులోని మాటే.

కొర్లగుంట మాస్టారు: అది నిజమే, కాదనను. డాక్టర్లను, ల్యాబ్ వారిని కూర్చోబెట్టి ఆ అంకెలు వేయించాలి. అయినా ఆ రెండు, పది అన్నవి కాగితం మీదకు వస్తే ప్రశ్నించవచ్చు. ఇప్పుడు అదీ లేదు.

గిరింపేట: ఆ కాగితం కింద సంతకం ఎవరిది మాస్టారూ? అప్పుడు నన్నే పెట్టమన్నారు.