కొండపల్లి పక్క గుట్టపై కంకర క్వారీ: లీజు రాకముందే ఊరివారు ఏం చేయగలరు?

ప్రశ్న (విజయవాడ):
మా అక్కయ్య వాళ్లు కొండపల్లిలో ఉంటారు. బెజవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించిన కోట నీడన, పచ్చని కొండల నడుమ ఉన్న ఆ ఊరికి సెలవు దొరికినప్పుడల్లా పిల్లలను తీసుకువెళ్తుంటాం. వాళ్ల డాబా మీద నుంచి ఎదురుగా కనిపించే గుట్టను కంకర క్వారీకి లీజుకు ఇవ్వబోతున్నారని, అప్పుడే సర్వేవారు వచ్చి హద్దురాళ్లు నాటి వెళ్లారని అక్కయ్య ఫోన్‌లో చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంది. టిప్పర్లు తిరగడం మొదలయ్యాక ఆపడం చాలా కష్టం. అంతకుముందే చట్టప్రకారం ఏం చేయవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:
ప్రైవేటు వారికి గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పును చూపించి, ఇక్కడా వాళ్లకు లీజు ఇవ్వవద్దని అడగవచ్చు కదండీ. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే అది.

జవాబు 2 (గుంటూరు):
సమతా తీర్పు గొప్పదే కానీ, అది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ఏజెన్సీ (గిరిజన) ప్రాంతాలకు సంబంధించినది. కొండపల్లి ఆ పరిధిలో లేదు కనుక దాన్ని నమ్ముకుని పెట్టిన అర్జీ మొదటి మెట్టులోనే వీగిపోతుంది.

ముందుగా ఆ గుట్ట సర్వే నంబరు తెలుసుకుని, అది రిజర్వు అడవిలో ఉందా, రెవెన్యూ రికార్డుల్లో కొండ పోరంబోకుగా, అంటే ప్రభుత్వ భూమిగా ఉందా అన్నది తేల్చుకోండి. అటవీ భూమి అయితే 1980 నాటి అటవీ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా అక్కడ గని తవ్వకూడదు. పోరంబోకు అయినా పర్యావరణ అనుమతి తప్పదు. 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకూ అది కావలసిందేనని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ఇంకొకటి ఉంది. ఒకే గుట్టను ముక్కలు చేసి, ఏ ముక్కా 5 హెక్టార్లకు చేరలేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని చెప్పే వీలుంది. కానీ ఒకే రకం ఖనిజానికి ఒకదానికొకటి 500 మీటర్ల లోపు ఉన్న లీజులను కలిపి లెక్కించాలి, మొత్తం 5 హెక్టార్లకు చేరితే ఊరివారి మాట వినవలసిందే. అందుకని సమాచార హక్కు దరఖాస్తులో ఈ ఒక్క గుట్ట గురించే కాకుండా చుట్టుపక్కల లీజులన్నిటి విస్తీర్ణాలూ అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పర్యావరణ అనుమతి వచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులే, తగిన కారణం చూపగలిగితే మరో 60 రోజులు. ఆ గడువు దాటిపోయి బాధపడిన ఊరివారితో నేను మాట్లాడాను. దయచేసి తేదీల బాధ్యత ఒకరికి అప్పగించండి.

జవాబు 3 (కొండపల్లి):
మాది బొమ్మలు చేసే ఇల్లు. మా పనికి కావలసిన తెల్లపొణికి ఈ కొండల్లో పెరిగే చెట్టు, ఆ తేలికైన కర్రకు సాటి వచ్చేది మాకు ఇంకొకటి లేదు. కర్ర దొరకడం మాకు ఇప్పటికే కష్టంగా ఉంది. ఆ గుట్ట మీద పొణికి చెట్లు ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలతో సహా మీ అభ్యంతరంలో రాయండి. లెక్కపెట్టడానికి నేనూ వస్తాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలండీ. సోమవారం అక్కయ్య తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబరు అడుగుతుంది, గనుల శాఖకు దరఖాస్తు నేను ఇక్కడి నుంచి రాస్తాను. ఆదివారం పొద్దున్నే కోట మెట్ల దగ్గర ఉంటాం, చెట్లు చూపించండి.