డల్లాస్‌లో నేను, హైదరాబాద్‌లో ఏడుగురు: ఒక్క డౌటుకి రెండు రోజులు పోతున్నాయి

డల్లాస్_చలి:

అందరికీ నమస్తే. నేను టీం లీడ్‌నయ్యి ఎనిమిది నెలలు. ఇన్సూరెన్స్ క్లయింట్, క్లెయిముల అప్లికేషన్, హైదరాబాద్‌లో ఏడుగురు పిల్లలు, అందులో ఇద్దరు టెస్టింగ్. పని రానివాళ్లు కాదు, అందుకే ఇంకా చిరాకు.

మొన్న జరిగింది చెప్తాను. క్లెయిమ్ రిజెక్ట్ అయితే కస్టమర్‌కి మెయిల్ వెళ్లాలని జిరాలో (పనులు రాసి పెట్టుకునే టూల్) టికెట్, అంటే ఆ పని వివరం, పెట్టాను. క్లెయిములో సగమే రిజెక్ట్ అయితే ఏం చేయాలని బుధవారం మధ్యాహ్నం ఒకబ్బాయికి డౌటొచ్చి, స్లాక్ చాట్‌లో నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. నాకది తెల్లవారుజామున 3:30. నేను లేచి, కాల్స్ అన్నీ అయ్యాక చూసుకుని "సగం అంటే ఏ సందర్భంలో?" అని అడిగేసరికి అతను ఇంటికెళ్లిపోయాడు. గురువారం అతను వివరం చెప్పాడు, నేను క్లయింట్‌ని అడిగాను, శుక్రవారం పొద్దున అతనికి జవాబు అందింది. ఆ జవాబేంటంటే, "అప్పుడు కూడా మెయిల్ పంపండి". అంతే!

ఈలోగా రోజూ పొద్దున 8 గంటల కాల్‌లో "శుక్రవారానికి అయిపోతుందా" అంటే "అయిపోతుందండి" అనే అన్నాడు. డెమోలో చూస్తే లేదు. మా మేనేజర్ ఇంకో టూల్ కొందామంటున్నాడు. జిరా, స్లాక్, టీమ్స్, కాన్‌ఫ్లుయెన్స్ (డాక్యుమెంట్లు రాసుకునేది) ఇప్పటికే ఉన్నాయి, ఐదోది వచ్చి ఏం చేస్తుంది? నేనైతే రోజుకి రెండు కాల్స్ పెడదామా అనుకుంటున్నా. ఇటువాళ్లైనా అటువాళ్లైనా మొహమాటం లేకుండా చెప్పండి.

గచ్చిబౌలి_టెస్టర్:

అడిగారు కాబట్టి చెప్తున్నా. ముందు ఆ "పిల్లలు" అనడం మానండన్నా, మా టీంలో నలుగురికి పిల్లలున్నారు :)

రెండో కాల్ వద్దే వద్దు. మీ పొద్దున 8 అంటే ఎండాకాలం మాకు సాయంత్రం 6:30, నవంబర్ మొదటి ఆదివారం మీరు గడియారం వెనక్కి తిప్పగానే అది 7:30 అవుతుంది. మా గడియారం కదలదు, మేమే కదలాలి. 7:30కి మొదలైన కాల్ 8:15కి తేలి, ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరేసరికి మా పాప నిద్రపోయి ఉంటుంది, మార్చి రెండో ఆదివారం దాకా ఇదే కథ. ఆ మీటింగ్‌ని క్యాలెండర్‌లో ఇండియా టైంతో పెట్టి చూడండి, చలికాలం మీరు 7కి కూర్చుంటారు.

ఇక "అయిపోతుందండి" సంగతి. ఏడుగురి ముందు, ఒక్కోసారి క్లయింట్ కూడా లైన్‌లో ఉండగా "కాదు" అంటే వెంటనే "ఎందుకు కాదు" అని వస్తుంది. దానికి నిజమైన జవాబు "మీరింకా చెప్పలేదు కాబట్టి". అది మీ మొహం మీద ఎవరంటారు? అవుతుందా కాదా అని కాకుండా "ఇందులో ఇంకా తేలనిది ఏముంది" అని అడిగి చూడండి, ఎన్ని బయటికొస్తాయో.

పాత_కాపు:

రెండు వైపులా చేశాను, ఆరేళ్లు హైదరాబాద్, తర్వాత న్యూజెర్సీ. కొత్త టూల్ కొంటే ఇదే గొడవ కొత్త స్క్రీన్ మీద కనిపిస్తుంది.

మీ టికెట్ ఒకే వాక్యం. పక్క సీట్లో ఉంటే అది చాలు, తల తిప్పి అడుగుతారు. పదకొండున్నర గంటల తేడాలో చాలదు. పూర్తిగా రిజెక్ట్, సగం రిజెక్ట్, అదే క్లెయిమ్ రెండోసారి రిజెక్ట్, కస్టమర్ మెయిల్ ఐడీ లేనిది, ఈ నాలుగింటికి ఏం జరగాలో టికెట్‌లోనే రాయండి. ఇరవై నిమిషాల పని.

అయినా డౌట్లు వస్తాయి. అప్పుడు వాళ్లు ఉత్త ప్రశ్న పంపకుండా ఇలా రాయాలి: "సగం రిజెక్ట్ అయితే మెయిల్ వెళ్లాలా? వెళ్లాలనే నా అంచనా. రేపు పొద్దున 10 లోపు జవాబు రాకపోతే అలాగే చేస్తాను, తప్పైతే మార్చడానికి రెండు గంటలు పడుతుంది." ఆ చివరి ముక్కే ముఖ్యం. మార్చుకోగలిగినదైతే ముందుకెళ్లాలి, డబ్బు లెక్కలు గానీ డేటాబేస్ మార్పు గానీ అయితే ఆగాలి. ఇదంతా టికెట్ కింద కామెంట్‌లోనే, విడి మెసేజుల్లో కాదు. మీ కేసులో జవాబు పక్కనున్న టెస్టర్‌కి తెలిసే ఉండొచ్చు, కానీ ప్రశ్న మీ ఇన్‌బాక్స్‌లో పడుకుంది.

ఇంకోటి, హైదరాబాద్‌లో ఒకరికి నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వండి, క్లయింట్‌తో నేరుగా మాట్లాడనివ్వండి. ఇది లీడ్‌లకి మింగుడుపడదు, నాకూ ఏడాది పట్టింది. అన్నీ నా మీదుగా పోవాలనుకున్నన్నాళ్లూ నేను నిద్రపోతే ప్రాజెక్ట్ కూడా నిద్రపోయేది.

పొద్దున లేవగానే మెయిల్ కాదు, పుల్ రిక్వెస్టులు (రాసిన కోడ్‌ని కలిపే ముందు చూడమని పంపేవి) చూడండి, వాళ్లు సీట్లో ఉండేది ఆ కాసేపే. 40 ఫైళ్ల పుల్ రిక్వెస్ట్ వస్తే చూడకుండా వెనక్కి పంపండి. గిట్‌ల్యాబ్ వాళ్లు ఆఫీసులే లేకుండా కంపెనీ నడుపుతూ, పద్ధతులన్నీ హ్యాండ్‌బుక్‌గా నెట్‌లో పెట్టారు. మొత్తం చదవక్కర్లేదు, రాతలో మాట్లాడుకోవడం గురించిన భాగం చాలు.

వైజాగ్_తీరం:

సెలవుల క్యాలెండర్లు రెండూ ఒకచోట పెట్టుకోండి బాబూ. మా లీడ్ భోగి రోజు ప్రొడక్షన్ రిలీజ్ (కొత్త కోడ్‌ని కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లోకి పంపడం) పెడితే అత్తగారింట్లో అరిసెల పళ్లెం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా. పైగా లాగ్స్ (సిస్టమ్‌లో ఏం జరిగిందో రాసి ఉండే రికార్డులు) చూసే యాక్సెస్ మాకు లేదు, మళ్లీ అటువాళ్లనే లేపాలి. చూడటానికి మాత్రమే పనికొచ్చే యాక్సెస్ అయినా ఇప్పించండి.

డల్లాస్_చలి (మూడు వారాల తర్వాత):

"పిల్లలు" మానేశాను. కాల్ ఇండియా టైం 6:30కి మార్చాను, వారానికి రెండు రోజులే, మిగతా రోజులు సాయంత్రం టికెట్‌లో మూడు లైన్లు రాసి వెళ్తున్నారు. మొదటి వారం అందరూ "పని జరుగుతోంది" అని రాశారు, కోపమొచ్చింది. తర్వాత నేనే నా రోజు ముగిసేటప్పుడు వివరంగా రాయడం మొదలుపెట్టాక మెల్లగా మారారు. అంచనాతో ప్రశ్న పెట్టడం బాగా పట్టింది. పదకొండు ప్రశ్నల్లో ఎనిమిదింటికి వాళ్ల అంచనానే కరెక్ట్, రెండు తప్పు, ఒకటి క్లయింట్‌కే తెలియదు.

కుదరనిది ఒకటే, క్లయింట్. ఫోన్ చేసి అన్నీ నోటితో మార్చేస్తాడు, ఏదీ రాయడు.

పాత_కాపు:

ఫోన్ పెట్టేయగానే మీరే టికెట్‌లో రాసి, "ఇలా అనుకున్నాం కదా, సరేనా" అని ఆ లింక్ ఆయనకి మెయిల్ చేయండి. మూడోసారికి ఆయనే ఆచితూచి మాట్లాడతాడు.